మూగమ్మకు నోరొచ్చిన నెల

ఇల్లు
ఆదివారం

అక్కకు,

ఇక్కడ అయిదూ క్షేమం. నేనూ బాగానే ఉన్నాను.

ఈ వారం గుడ్లు ఇరవై రెండు. ఒకటి పగిలింది. వాన రెండు రోజులు. గోడ గడియారాలు మూడు వచ్చాయి, రెండు నడుస్తున్నాయి.

ఉంటాను.
తమ్ముడు

---

హాస్టలు, రెండో అంతస్తు, కిటికీ పక్క మంచం

ఒరే తమ్ముడూ,

నీ ఉత్తరం చదవడం కంటే కవరు చించడానికి ఎక్కువసేపు పట్టింది. తంతి కొట్టేవాళ్లు కూడా నీకంటే రెండు మాటలు ఎక్కువ రాస్తారు. నేను అప్పగించి వచ్చినవి ఇటుకలు కావు నాయనా, కోళ్లు. అత్తగారు ఇంకా అందరికంటే ముందు తింటోందా? కోడలు దాని వెనకే తిరుగుతూ అదను కోసం చూస్తోందా? కవలల్లో ఏది ఏదో నీకు తెలిసిందా? (నాకూ తెలీదు.) మూగమ్మ గుడ్డు పెట్టినా కిమ్మనదు, అది తిన్నదో లేదో నువ్వే చూసుకోవాలి. వాటికి నేను లేనని తెలిసిందా? ఇవన్నీ రాయి.

ఇంకోటి మళ్లీ గుర్తు చేస్తున్నాను. ముందు వాటాలో ఉన్న ఓనరుగారు పెట్టలకి ఒప్పుకున్నారు గానీ పుంజుకి ఒప్పుకోలేదు. మిల్లులో ముప్పై ఏళ్లు టైం కీపరుగా చేసి, సైరనుతో లేచి లేచి, ఇప్పుడైనా ఏడింటిదాకా పడుకుంటానని పంతం పట్టిన మనిషి. పుంజు కూత వినపడిన రోజు కోళ్లన్నీ వెళ్లాల్సిందేనని మొదటే చెప్పారు. ఆరు నెలలకి నేను తిరిగొచ్చేసరికి అయిదూ పెరట్లో ఉండాలి. ఒక్కటి తగ్గినా దాని చోట్లో నిన్ను కూర్చోబెట్టి గింజలు వేస్తాను.

ఇక్కడ యూనిఫారాల ఫ్యాక్టరీలో నలభై మంది ఆడవాళ్లకి కాలరు కుట్టడం నేర్పుతున్నాను. నేను గీసిన గీత ఎవరూ దాటరు. కిటికీ పక్క మంచం నాకే ఇచ్చారు. నా సంగతి నీకు తెలుసుగా.

అక్క

---

గడియారాల బల్ల దగ్గర నుంచి
ఆదివారం

అక్కకు,

ఎక్కువ రాయమన్నావు. రాస్తున్నాను.

పొద్దున ఆరుంబావుకి గూడు తలుపు తీస్తాను. అత్తగారు ముందు వస్తుంది. గడపలో ఆగి, పెరడంతా తన పేర రాయించుకున్నట్టు ఒకసారి చూస్తుంది. అది చూసేంతసేపూ వెనక నాలుగూ ఆగుతాయి. తర్వాత కోడలు. తర్వాత కవలలు రెండూ ఒకేసారి బయల్దేరి గడపలో ఇరుక్కుంటాయి. ఇది రోజూ జరుగుతుంది. అవి రోజూ ఆశ్చర్యపోతాయి. చివర మూగమ్మ.

గుడ్లకి మూడు పెట్టెలు చేశాను కదా. మూడూ ఒకే కొలత, ఒకే గడ్డి. అయిదింటికీ ఎడమవైపుదే కావాలి. ఒకటి లోపలుంటే మిగతావి బయట వరసలో నిలబడి అరుస్తాయి. నిన్న కోడలు ఆగలేక అత్తగారి మీదే ఎక్కి కూర్చుంది. పది నిమిషాలు రెండూ అలాగే ఉన్నాయి. ఎవరూ ఏమీ అనుకోలేదు.

గుడ్డు చూసి అది ఎవరిదో చెప్పగలుగుతున్నాను. మూగమ్మది కొస తేలి ఉంటుంది, చిన్న మచ్చలు. ఏది ఎప్పుడు పెట్టిందో గంట, నిమిషంతో పుస్తకంలో రాస్తున్నాను. ఊరికే.

ఒక విషయం నాకు న్యాయంగా తోచలేదు. మూగమ్మ గింజల దగ్గరికి వస్తే చాలు, అత్తగారు నెత్తి మీద పొడుస్తుంది. అందుకని అయిదు పళ్లేలు తెచ్చి ఎడంగా పెట్టాను. అత్తగారు అయిదు పళ్లేలకీ పరుగెత్తి, ఒక్కోదాంట్లో ఒక్కో గింజ తిని, అందరినీ తరిమి, మళ్లీ మొదటిదాని దగ్గరికి వచ్చింది. పావుగంటకి అది అలిసిపోయింది, మిగతావి ఆకలితో ఉన్నాయి. నాకు నవ్వొచ్చింది. షాపుకి గడియారం బాగుకి తెచ్చినాయన తొంగిచూసి "ఏమైందండీ" అన్నాడు. ఏమీ లేదన్నాను.

తమ్ముడు

---

హాస్టలు, కిటికీ పక్క మంచం

తమ్ముడూ,

నీ ఉత్తరం మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర విప్పాను. నవ్వు ఆపుకోలేక మంచినీళ్లు ముక్కులోకి పోయాయి. ఎదురుగా కూర్చునే మిషన్ల మెకానిక్కు "ఏంటంట" అంది. చదివి వినిపించాను. కవలలు గడపలో ఇరుక్కున్న దగ్గర రెండుసార్లు చదివించుకుంది.

అయితే ఒక మాట విను. వాటి సంసారంలో వేలు పెట్టకు. అత్తగారు పొడుస్తుంది, కాదనను. గద్ద నీడ పడితే ముందు అరిచి అందరినీ చూరు కిందకి తోలేదీ అదే. ఎవరి చోటు వాళ్లకి తెలిస్తేనే ఆ పెరట్లో శాంతి. చేతులు కట్టుకుని చూడు. చూడ్డం నీకు బాగానే వచ్చు, మాట్లాడ్డమే రాదు.

అక్క

---

ఇల్లు
ఆదివారం

అక్కకు,

ఇక్కడ అన్నీ బాగున్నాయి. గుడ్లు పదమూడు. వాన.

ఉంటాను.
తమ్ముడు

---

హాస్టలు

ఒరే,

"అన్నీ బాగున్నాయి" అని నువ్వు పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారే అన్నావు. అప్పుడు నీకు తొమ్మిదేళ్లు. నాన్న గోడ గడియారం విప్పేసి, చక్రాలన్నీ దిండు కింద పెట్టుకుని, ఆయన అడిగితే ఆ మాటే అన్నావు.

ఇరవై రెండు గుడ్లు పదమూడెందుకయ్యాయి? అత్తగారు ఏదీ? నేనొక్కదాన్నే అడగడం లేదు. మెకానిక్కు అడుగుతోంది, ఆవిడ పక్కన కూర్చునే గుండీల మిషను ఆవిడా అడుగుతోంది. దిండు ఎత్తు.

అక్క

---

గడియారాల బల్ల దగ్గర నుంచి
బుధవారం

అక్కకు,

దిండు ఎత్తుతున్నాను.

గడియారంలో ఒక చక్రం మిగతావాటిని ఒరుస్తుంటే దాన్ని బయటికి తీస్తాం. కడిగి, ఆరబెట్టి, తీసినచోటే పెడతాం. అది అక్కడే కూర్చుంటుంది. ఎవరూ నేర్పకుండా నేను నేర్చుకున్న పని అది ఒక్కటే, ఇరవై ఏళ్లుగా అదే చేస్తున్నాను. కోళ్లకీ అదే చేశాను. అత్తగారిని మూడు రోజులు షాపులో బల్ల కింద గంపలో పెట్టాను. ఈలోగా మూగమ్మ నాలుగు గింజలు తింటుందని, అత్తగారు కాస్త మెత్తబడుతుందని.

మొదటిరోజు ఒకావిడ తన అలారం గడియారం చెవి దగ్గర పెట్టుకుని, "ఇదివరకు ఇలా కొక్కొక్కనేది కాదండీ" అంది. నూనె వేస్తానన్నాను. మూడోరోజు ఓనరుగారు వచ్చారు. గంప కదిలింది.

"ఎవరది?" అన్నారు.

"అత్తగారండి."

ఆయన గంపనీ నన్నూ మార్చి మార్చి చూశారు. "నీకు పెళ్లెప్పుడైందయ్యా?"

సాయంత్రం దాన్ని పెరట్లో వదిలాను. చక్రం కూర్చోలేదు అక్కా. అత్త లేని కోడలు ఉత్తమురాలంటారు, మూడు రోజులూ అలాగే ఉంది. అత్తని చూడగానే మెడ ఈకలు నిక్కబొడుచుకుని ఎదురొచ్చింది. కవలలు చెరోవైపు నుంచి కలిశాయి. గంటలో అత్తగారు ఓడిపోయి నీళ్లతొట్టి వెనక మూలకి చేరింది. తర్వాత పెద్దరికం కోసం కోడలికీ కవలలకీ రెండు రోజులు తగువు. గుడ్లు అందుకే తగ్గాయి. మూడోరోజు పొద్దున మూగమ్మ తిన్నగా నడిచి వెళ్లి కోడల్ని ఒకే ఒక్క పోటు పొడిచింది. అంతే, అందరూ పక్కకి జరిగారు. అది కూడా కాస్త కంగారుపడ్డట్టు కనిపించింది.

మర్నాడు తెల్లవారుతుండగా అది బోర్లించిన బకెట్టు మీదెక్కి కూసింది.

పెట్ట కూయడం నేనెప్పుడూ వినలేదు. తుప్పు పట్టిన తలుపులా మొదలై దగ్గులా ముగిసింది. రెండోరోజు మెరుగు. నాలుగోరోజుకి ఏ పుంజైనా వచ్చి నేర్చుకోవచ్చు. పుంజు లేని చోట పెద్ద పెట్ట అప్పుడప్పుడూ ఆ పని నెత్తిన వేసుకుంటుందని గింజల కొట్టాయన చెప్పాడు. ముందే చెప్పి ఉంటే బాగుండేది.

ఓనరుగారు లుంగీ మీదే వచ్చారు.

"పుంజుని దాచావు."

"పెట్టేనండి."

"పెట్ట కూస్తుందా?"

"కూసిందండి."

"ముప్పై ఏళ్లు టైం కీపరుగా చేశానయ్యా. నేను వినని సాకు లేదనుకున్నాను. ఇది మాత్రం కొత్తది."

మూగమ్మ అప్పుడే ఇంకోసారి కూసింది. ఆయన నీ కుట్టుపెట్టెలోంచి ఎర్ర దారం తెప్పించి, తన చేత్తో దాని కాలికి కట్టారు. "ఈ దారం ఉన్నది నా కళ్ల ముందు గుడ్డు పెడితే నేను నోరెత్తను. నెలాఖరులోగా పెట్టకపోతే అయిదింటినీ పంపించెయ్" అన్నారు. నెలాఖరుకి పన్నెండు రోజులుంది.

అత్తగారు మూలనే ఉంది. సరిగా తినడం లేదు.

తప్పు నాదే.
తమ్ముడు

---

హాస్టలు, రెండో అంతస్తు, తలుపు పక్క మంచం

తమ్ముడూ,

నేనక్కడ ఉండి ఉంటే ఆ గంప నీ నెత్తిన బోర్లించేదాన్ని. ఆ మాట అనేశాను కాబట్టి ఇక పనిలోకి వస్తాను.

ముందు అత్తగారు. పగలు దాన్ని మిగతావాటి మధ్యకి తోయకు. రెండు రోజులు వల ఇవతల ఉంచు, ఒకదానికొకటి కనపడాలి, ముక్కు తగలకూడదు. నువ్వు దాని పక్కన కూర్చుని అరచేతిలో తినిపించు. మూడోరోజు పొద్దువాలాక, అన్నీ గూట్లో కర్ర ఎక్కి కళ్లు మూసుకున్నాక, మధ్యలో కాస్త చోటు చేసి కూర్చోబెట్టు. చీకట్లో కోళ్లకి తగువు గుర్తుండదు. తెల్లారి లేచి పక్కకి చూసుకుని, ఇది ఎప్పుడూ ఇక్కడే ఉన్నట్టుందే అనుకుంటాయి.

రెండోది. మూగమ్మ ఏ వేళకి గుడ్డు పెడుతుందో నీ పుస్తకంలో ఉందన్నావు. ఆ ముక్క ఓనరుగారితో చెప్పావా? చెప్పి ఉండవు. చెప్పు. నోరున్నది తినడానికే కాదు.

మూడోది, పైన చిరునామా చూశావుగా. కిటికీ అబద్ధం. నాది తలుపు పక్క మంచం, రాత్రంతా ఎవరో ఒకరు చెంబు పట్టుకుని నా కాళ్లు తొక్కుతూ వెళ్తారు. గీసిన గీత దాటరన్నాను కదా, నా గీతని ఎవరూ చూడనైనా చూడలేదు. "ఇరవై ఏళ్లుగా కుడుతున్నాం, నువ్వు నిన్నొచ్చావు" అన్నారు. భోజనాల బల్ల దగ్గర నేను కూర్చోబోయిన మూడు చోట్లకీ ముందే సొంతదారులున్నారు. మొదటి నెలంతా కొసన ఒక్కదాన్నే తిన్నాను. నన్నెవరూ పొడవలేదు, జరిగి చోటివ్వలేదు, అంతే. నీ కోళ్ల ఉత్తరం చదివిన రోజు మెకానిక్కు తన గిన్నె ఇటు జరిపింది.

కాబట్టి అత్తగారి పక్కన కూర్చో. మాట్లాడక్కర్లేదు, అది నీకు వచ్చిన విద్యే.

అక్క

---

పెరట్లో, బోర్లించిన బకెట్టు మీద నుంచి
శుక్రవారం

అక్కకు,

నీ ఉత్తరం అందేసరికే ఓనరుగారు రెండు పొద్దులు వృథాగా కూర్చుని వెళ్లారు. మొదటిరోజు ఆరింటికి కుర్చీ తెచ్చుకుని వేసుకున్నారు, ఎనిమిదింటికి స్నానానికి వెళ్లారు. మూగమ్మ తొమ్మిదీ అయిదుకి పెట్టింది. రెండోరోజు తొమ్మిదిన్నరదాకా ఉన్నారు. అది పదీ పన్నెండుకి పెట్టింది. వేడి గుడ్డు పట్టుకెళ్లి చూపిస్తే "ఇది కోడిదేనని ఒప్పుకుంటాను, ఏ కోడిదో ఎవడికి తెలుసు" అన్నారు. కోడిగుడ్డు మీద ఈకలు పీకడమంటే ఏమిటో దగ్గర్నుంచి చూశాను.

ఆయన వేళ అడగలేదు, నేను చెప్పలేదు. అదీ నిజం.

ఆ సాయంత్రం నీ ఉత్తరం వచ్చింది. చదివి, పుస్తకం తీసుకుని ముందు వాటాకి వెళ్లాను. తలుపు తట్టడానికి కొంచెంసేపు పట్టింది. చెప్పాను. "మూగమ్మ రోజుకి గంటా అయిదు నుంచి గంటా పది నిమిషాలు వెనకపడుతుందండీ. రేపు పదకొండూ ఇరవై. పదకొండింటికి వస్తే చాలు. ఆ తర్వాత రెండు మూడు రోజులకి మధ్యాహ్నం దాటుతుంది, అప్పుడు ఒకరోజు మానేసి, మళ్లీ పొద్దున్నే మొదలుపెడుతుంది. నాలుగు వారాలుగా ఇంతే." ఓనరుగారితో నేను ఒక్కసారిగా ఇన్ని మాటలు ఎప్పుడూ అనలేదు. ఆయన పుస్తకం తీసుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, నాలుగు వారాలూ చదివారు.

మర్నాడు పదకొండుకి అయిదు నిమిషాలుండగా వచ్చారు. చేతి గడియారం విప్పి మోకాలి మీద పెట్టుకున్నారు. నేను బకెట్టు మీద కూర్చున్నాను. పదకొండూ అయిదుకి కవలలు ఆయన బూటు లేసు పురుగనుకుని చెరోవైపు లాగాయి. ఆయన కదలలేదు. పదకొండూ పన్నెండుకి మూగమ్మ ఆయన కుర్చీ ముందుకొచ్చి, తలెత్తి మొహంలోకి చూసి, కూసింది. "వినపడింది" అన్నారు. పదకొండూ పదిహేనుకి అది పెట్టెల దగ్గరికి బయల్దేరింది.

ఎడమ పెట్టెలో కోడలు ఉంది.

మూగమ్మ బయట ఆగింది. కోడలు కదల్లేదు. పక్కన రెండు పెట్టెలూ ఖాళీ. పదకొండూ ఇరవై అయింది. పదకొండూ ఇరవై ఒకటి. నేను గడియారం వైపు చూడడం మానేశాను. అప్పుడు ఓనరుగారు ముందుకి వంగి, చిన్న గొంతుతో, "పక్కది ఖాళీగా ఉంది కదమ్మా" అన్నారు.

దానికి పక్కది వద్దు. లోపలికి దూరి కోడలి మీద కూర్చుంది. కోడలు కాసేపు ఓర్చుకుని, గొణుక్కుంటూ కింద నుంచి జారుకుంది. ఆయన కుర్చీ వదిలేసి మోకాళ్ల మీద కూర్చుని తల పెట్టెలో పెట్టారు. మూగమ్మ నిలబడింది. ఎర్ర దారం కనపడుతూనే ఉంది. గుడ్డు గడ్డిలో పడింది. ఆయన పట్టుకున్నారు. "తడిగా ఉందయ్యా" అన్నారు. అంటుండగానే అది ఆయన చేతిలో ఆరిపోయింది. ఇటూ అటూ తిప్పి చూశారు.

తర్వాత గడియారం చూశారు. "పదకొండూ ఇరవై ఆరు. ఆరు నిమిషాలు లేటు."

"పెట్టె దగ్గర రద్దీ అండి."

"అది చెల్లే కారణమే." లేచి మోకాళ్లు దులుపుకున్నారు. "వందలమంది హాజరు రాశాను. ఇన్ని గంటలకి ఆలస్యంగా వస్తానని ముందే చెప్పి, అదే వేళకి వచ్చినవాళ్లని చూడలేదు. పెట్ట పెట్టే. ఉండనీ."

"కూతండీ?"

"సైరను కంటే నయం. అదైతే గుడ్డు పెట్టదు."

అయిదూ ఇక్కడే ఉంటాయి అక్కా.

అత్తగారిని నువ్వు చెప్పినట్టే రెండు రోజులు వల ఇవతల ఉంచి, నిన్న పొద్దువాలాక కర్ర మీద పెట్టాను. మూగమ్మకీ కోడలికీ మధ్య చోటు చేశాను. మూగమ్మ నిద్రలోనే ఒకసారి అటు జరిగింది. ఇవాళ పొద్దున తలుపు తీస్తే ముందు మూగమ్మ, రెండోది అత్తగారు, తర్వాత కోడలు. ఎవరూ ఏమీ అనలేదు. కవలలు గడపలో ఇరుక్కున్నాయి.

తమ్ముడు

---

హాస్టలు, కిటికీ పక్క మంచం, ఈసారి నిజంగానే

తమ్ముడూ,

నీ ఉత్తరం బల్ల మీదకెక్కి చదవాల్సి వచ్చింది. నలభై మందికీ వినపడాలి కదా. "పక్కది ఖాళీగా ఉంది కదమ్మా" అన్న దగ్గర గుండీల మిషను ఆవిడ నవ్వలేక ఏడ్చింది. సూపర్‌వైజరు గోల ఏంటని వచ్చి, సంగతి విని, మొదటినుంచీ చదవమన్నాడు. ఇప్పుడు ఇక్కడ ఎవరైనా ఆలస్యంగా వస్తే "పెట్టె దగ్గర రద్దీ" అంటున్నారు. మెకానిక్కు వేరే గదికి మారుతూ తన మంచం నాకిచ్చింది. నా గీతలు కూడా దాటడం మానేశారు, కాలర్లు బాగా వస్తున్నాయి.

మన ఇంట్లో మూగవాళ్లందరికీ ఒకేసారి నోరొచ్చిందన్నమాట.

ఇక్కడ పని ఆరు నెలలకంటే ముందే అయిపోవచ్చింది. వచ్చే నెల రెండో ఆదివారం బయల్దేరుతున్నాను. సంతోషంగానే ఉంది. ఒక్కటే. నా కోడీ నా కుంపటీ లేకపోతే ఊరికి తెల్లారదనుకుందట వెనకటికో ముసలమ్మ. అది నేనే. నేను లేకుండా అక్కడ ఇన్నాళ్లూ రోజూ తెల్లారింది, పైగా కూతతో సహా తెల్లారింది. నువ్వు వంట చేసుకుంటున్నావు, ఓనరుగారితో మాట్లాడుతున్నావు, కోళ్లు నీ అరచేతిలో తింటున్నాయి. నేనొచ్చి ఏ మూల నిలబడాలో ఆలోచిస్తున్నాను. నవ్వులాటకే అంటున్నానులే.

అక్క

---

పెరట్లో నుంచి
ఆదివారం

అక్కకు,

అయిదూ క్షేమం. గుడ్లు ఇరవై అయిదు. మూగమ్మ నిన్న మానేసింది, ఇవాళ ఏడూ పదికి మొదలుపెట్టింది. ఓనరుగారు కూడా సొంతంగా ఒక హాజరు పుస్తకం పెట్టారు. కవలల్లో ఏది ఏదో కనిపెట్టానంటున్నారు. రోజూ మార్చి చెప్తున్నారు.

నువ్వు నవ్వులాటకి అన్నదానికి జవాబు రాస్తున్నాను.

మధ్యాహ్నం బండికి రావద్దు. సాయంత్రం ఆరున్నర బండికి రా. నేను స్టేషనుకి వస్తాను. ఇల్లు చేరేసరికి పొద్దువాలుతుంది, కోళ్లు కర్ర ఎక్కేసి ఉంటాయి. ఓనరుగారు నీ కుర్చీలో కూర్చోవడం అలవాటు చేసుకున్నారు. ఆరింటికల్లా ఇంటికి పంపించేస్తాను, చెప్పాను కూడా. నీ మంచం ఉన్నచోటే ఉంది. కుట్టు మిషనుకి నూనె వేశాను. ఆ రోజు ఏమీ మాట్లాడుకోవద్దు, తిని పడుకో.

పొద్దున మూగమ్మ కూస్తుంది. నువ్వు ఎప్పటిలాగే లోపల్నుంచి "ఏంట్రా ఆ గోల" అను.

తమ్ముడు